నాడె కొట్టని బంతి

మా ఊరి ఫుట్‌బాల్ గ్రౌండు ఉన్న చోట ఇప్పుడు గాలి తప్ప ఏమీ లేదు. ఓపెన్ కాస్టు అని పేరు పెట్టి, కింద ఉన్న మట్టినీ బండనూ బొగ్గునూ తోడుకుంటూ పోయారు. పోయిన నెల మా చిన్ననాటి చర్చిలో పెళ్ళి ఉంటే కరీంనగర్ నుంచి వెళ్ళాను. దారిలో కంచె దగ్గర ఆటో ఆపించి, "ఇక్కడ గ్రౌండు ఉండాలి కదయ్యా" అన్నాను. "గీడ గ్రౌండేడిదమ్మా? నాకు తెలివి వచ్చినకాన్నుంచి గిది బొందనే" అన్నాడు డ్రైవరు. అతనికి పాతికేళ్ళు దాటి ఉండవు. వాదించి లాభం లేదని తెలుసు. కానీ నేను ఉద్యోగం ఉన్నన్ని రోజులు నర్సుగా డాక్టర్లతోనే వాదించిన మనిషిని. నీ ఆటో నిలబడిన చోటే కార్నర్ జెండా ఉండేదనీ, అదిగో ఆ కనిపించే చర్చి గోపురం వైపు గోలుకు ఒక కర్ర, బొగ్గు బాయి వైపు ఇంకో కర్ర ఉండేవనీ చెప్పాను. అతను ఓపికగా విని, "సరే గని, పెండ్లికి ఆల్‌శమైతది ఎక్కమ్మా" అన్నాడు.

పెళ్ళిలో ఏం తిన్నానో గుర్తు లేదు. తిరిగి వచ్చేదాకా ఆ గ్రౌండే.

మాది మందమర్రి వైపు బొగ్గు బాయిల ఊరు. బొగ్గు గనిని మా దిక్కు బాయి అనే అంటారు. వాగుకు ఇవతల మా బాయి, మా కాలనీ. అవతల ఇంకో బాయి, ఇంకో కాలనీ. ఆ రోజుల్లో మా కాలనీలో కళ్ళు మూసుకుని నిలబడినా టైము చెప్పొచ్చు. పొద్దున బొగ్గుల పొయ్యి అంటుకునేటప్పటి పచ్చి పొగ, మధ్యాహ్నం జొన్న రొట్టెల కమ్మదనం, షిఫ్టు దిగిన వేళ చెమటతో కలిసిన ఎర్ర సబ్బు వాసన, సాయంత్రం మళ్ళీ పొగ. ఆరేసిన తెల్ల బట్ట పొద్దుగూకేసరికి బూడిద రంగుకు తిరిగేది. క్రిస్మస్‌కు తెల్ల గౌను కుట్టించమని నేను ఏడిస్తే మా అవ్వ (అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్ళం), "తెల్లది పరలోకంల తొడుక్కుందువు గని, గీడ నీలిదే" అనేది. ఏటా నీలిదే కుట్టించింది.

మా బాపు మా బాయి జట్టుకు గోల్‌కీపరు. మనిషి పొడుగు, చేతులు ఇంకా పొడుగు. పొద్దున మొదటి షిఫ్టులో భూమి కింద బొగ్గు నింపి, పైకి వచ్చి, ఒళ్ళు కడుక్కుని, రొట్టె తిని, నాలుగింటికి గ్రౌండుకు పోయేవాడు. ఇది మా నాయినమ్మకు అస్సలు నచ్చేది కాదు. ఆమె మిషన్ బంగళాలో దొరసానుల దగ్గర పనిచేసి, క్రమశిక్షణ అంతా అక్కడే నేర్చుకొని, దాన్ని మా ఇంటి మీద ఖర్చుపెట్టింది. "ఆరు దినాలు బాయిల, ఏడో దినం గుడిల. గీ బంతికి ఎనిమిదో దినం యాడికెల్లి తెస్తవ్‌రా?" అని అడిగేది. బాపు చెప్పులేసుకునేవాడు.

ఏటా చలికాలంలో బాయిల మధ్య పోటీలు జరిగేవి. చివరికి మిగిలేది ఎప్పుడూ మా బాయి, అవతలి బాయి. కప్పు ఎప్పుడూ అవతలి వాళ్ళదే. నేను చెప్పబోయేది ఒక ఫైనల్ సంగతి. కానీ దానికి ముందటి ఏడాది ఫైనల్ సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు.

ముందటి ఏడాది ఆట సమానంగా నడిచి, ఇక రెండు నిమిషాలు ఉందనగా, అవతలి బాయి సెంటర్ ఫార్వర్డు ఒక బంతి తన్నాడు. తన్నాడని కూడా అనకూడదు, నెట్టాడు. అది నింపాదిగా దొర్లుకుంటూ వచ్చింది. పాలు పోసే ముసలమ్మయినా కాలు అడ్డం పెట్టి ఆపేదే. మా బాపు వంగాడు. బంతి ఆయన చేతుల కింద నుంచి, రెండు కాళ్ళ మధ్య నుంచి పోయి గోల్లో పడింది. అది తన్నినవాడు పరుగెత్తుకుంటూ వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, "గిది గోలీ కాదురో, జల్లెడ!" అన్నాడు. గ్రౌండంతా నవ్వింది. మనవాళ్ళూ నవ్వారు.

ఆ తన్నినవాడిని అందరూ నాడె అనేవారు. సిరిసిల్ల దిక్కు మగ్గాలు నేసే కుటుంబం వాళ్ళది. మగ్గం కూలితో కడుపు నిండక బాయి పనికి వచ్చాడు. బంతి కాలికి దొరికితే మగ్గంలో నాడె ఉరికినట్టు ఆ కొన నుంచి ఈ కొనకు ఉరికేవాడు. అందుకని ఆ పేరు. వాడి పేరు వాడికి గొప్ప. మా బాపుకు వాడు పెట్టిన పేరు మాత్రం ఏడాదంతా మా ఇంటిని పట్టుకుని పీడించింది.

మంగలి షాపులో జల్లెడ. బియ్యం లైన్లో జల్లెడ. ఒక ఆదివారం పాస్టరుగారి ప్రసంగంలో పాపం ఏదో పోలికకు జల్లెడ అన్న మాట వస్తే, వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. బాపు పాటల పుస్తకంలోకి తల దించుకున్నాడు. బడిలో నా పేరు పోయి 'జల్లెడ బిడ్డ' అయింది. అన్నదాన్ని ఊరికే వదిలానా అంటే వదల్లేదు. దాని సిరా బుడ్డిలో పొయ్యి బూడిద కలిపాను. టీచరు చేత బెత్తం దెబ్బలు తిన్నాను, హాయిగానే తిన్నాను.

ఇంకో పని కూడా చేశాను. మా వంటింట్లో గోడకు వేలాడే జల్లెడను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు దాన్ని గౌను కింద దాచి తీసుకుపోయి వాగులో పడేశాను. క్రిస్మస్ పిండివంటల ముందు అవ్వ దాని కోసం ఇల్లంతా వెతికింది. "ఇంట్ల జల్లెడకు రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?" అంటూ నా మొహం చూసింది. నేర్చుకున్న దొంగను కాదు కనుక వెంటనే దొరికిపోయాను. వీపు మీద నాలుగు పడ్డాయి. పొరుగింటి అత్త దగ్గర జల్లెడ అడుక్కొచ్చి పిండి జల్లించుకుంటూ అవ్వ తిడుతూనే ఉంది. బాపు మాత్రం నన్ను బయట గద్దె మీద కూర్చోబెట్టుకున్నాడు.

"జల్లెడను పారేస్తే పేరు పోతదా బిడ్డా?" అన్నాడు. "గా పేరు గ్రౌండుల వచ్చింది, గ్రౌండులనే పోవాలె. గీసారి ఫైనల్ల నా సేతుల మీదికెల్లి బంతి పోనియ్య. పోతే ఇగ గోల్ల నిలవడుడు బందు. ఎట్లయినా మోకాలు మాట ఇంటలేదు."

అంటే ఆయనకు అదొక్కటే అవకాశం. నాకు పదేళ్ళు. ఆ రోజు నుంచి నా ప్రార్థనలో గౌను రంగు మాట పోయి ఫైనల్ మాట వచ్చింది.

బిళ్ళ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ నెంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. దిగేటప్పుడు కిటికీ దగ్గర గుమాస్తాకు నెంబరు చెప్పి బిళ్ళ తీసుకోవాలి. పైకి వచ్చాక అదే కిటికీలో ఇవ్వాలి. గుమాస్తా దాన్ని బల్ల మీద దాని మేకుకు తగిలిస్తాడు. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా భూమి కింద ఉన్నాడని లెక్క. బాపు నెంబరు రెండు వందల పద్నాలుగు.

మా కాలనీలో ఆడవాళ్ళు మొగుళ్ళ పేర్లు పలికేవారు కాదు. హిందువుల ఇళ్ళలో అంతే, మా క్రైస్తవుల ఇళ్ళలోనూ అంతే. పేరుకు బదులు నెంబరు చెప్పుకునేవారు. "మా రెండొందల పద్నాలుగు ఇంక రాలే, మీ మూడొందల రెండొచ్చిండా?" అని నల్లా దగ్గర మాట్లాడుకునేవారు. మా అవ్వ ప్రార్థనలో కూడా, "ప్రభువా, రెండొందల పద్నాలుగును పయిలంగ పైకి తేవయ్యా" అనేది. "దేవునికి నెంబర్లు జెప్తరానే? పేరు జెప్పు" అని నాయినమ్మ గదిమితే, "గాయినకు తెల్వదా ఎవలో" అనేది అవ్వ. మనిషి పేరు పలకడం మా అవ్వకు దేవుడి ముందు కూడా సిగ్గే.

ఫైనల్ క్రిస్మస్ ముందు శనివారం వచ్చింది. ఇళ్ళకు సున్నం కొత్తగా వేశారు. వెదురు బద్దలకు రంగు కాగితాలు అంటించి చేసిన చుక్కలు ఒక్కొక్క గడప మీద లేస్తున్నాయి. మా ఇంట్లో గరిజెలు, అదే కజ్జికాయలు. బెల్లం, నువ్వులు, ఎండుకొబ్బరి కలిపిన పిండిని నేను అప్పటికి మూడుసార్లు దొంగిలించాను. "అవ్వా, ఆటకు రావా?" అంటే, "నేనొచ్చి గాళ్ళ మాటలు ఇనాల్నా? నాతోని గాదు. గెలిస్తే డప్పు సప్పుడు ఇంటిదాక ఇనబడ్తది, ఓడితే మీ బాపు మొకమే సెప్తది" అని పొయ్యి ముందు నుంచి లేవలేదు.

నేనూ పొరుగింటి అత్త కూతురూ గోలు వెనక నీళ్ళ ట్యాంకు గోడ ఎక్కాం. రెండు కాలనీల జనం వచ్చేశారు. ఉడకబెట్టిన పల్లీల బుట్టలు, మిర్చి బజ్జీల మూకుడు, చాయ్ కెటిల్. మా చర్చి యువకులు డప్పు తెచ్చారు. అవతలి వాళ్ళు ఏకంగా పెళ్ళి బ్యాండునే తెచ్చారు. అన్నీ ఉన్నాయి, మా గోల్‌కీపరు లేడు. మొదటి షిఫ్టు ముగిసినా బాపు బాయి నుంచి రాలేదు. ఆ రోజు ఆయనకు దూరపు చోట పని పడిందట, నడిచి వచ్చేసరికి పొద్దు జారింది. చివరికి జట్టులో ఒకతను సైకిలు వేసుకుని పోయి, బాయి గేటు దగ్గర నుంచి బాపును ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తొక్కుకొచ్చాడు. స్నానం లేదు, తిండి లేదు. ఒళ్ళంతా నల్లగా, కళ్ళూ పళ్ళూ మాత్రమే తెల్లగా ఉన్న మనిషి బొగ్గు మీదనే బనీను తొడుక్కుని గోల్లో నిలబడ్డాడు.

"జల్లెడొచ్చిందిరో!" అని ఒకటే కేక. ఆ కేక వేసినవాళ్ళలో మా మేనమామ కూడా ఉన్నాడు. ఆయన మీద ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆట మొదలైన కాసేపటికే మావాళ్ళు గోలు కొట్టారు. ఇక అక్కడి నుంచి అవతలి బాయి మొత్తం మా బాపు మీద పడింది. నాడె ఎన్నిసార్లు వచ్చాడో లెక్క లేదు. బాపు ఒకటి కడుపుతో ఆపాడు. ఒకటి వేళ్ళ కొసలతో పైకి నెట్టాడు. ఒకదానికి నాడె కాళ్ళ కిందే పడి బంతిని ఎద మీదికి లాక్కున్నాడు. ఒక్కొక్కటి ఆపినకొద్దీ జనంలో ఆ కేక సన్నబడింది. నేను గోడ మీద నిలబడి, "ఇప్పుడనుండ్రి! జల్లెడ అనుండ్రి ఇప్పుడు!" అని గొంతు పోయేలా అరిచాను.

ఇక మూడు నాలుగు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా బంతి ఎగిరి మా బ్యాక్ ఆటగాడి చేతికి తగిలింది. రిఫరీ ఈల ఊదాడు. పెనాల్టీ.

నాడె బంతిని చుక్క మీద పెట్టాడు. డప్పు ఆగింది, బ్యాండు ఆగింది. బాపు అరచేతులు లాగుకు రుద్దుకుని, గీత మీద కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. ఆయనకు ఒక పక్క చర్చి వైపు కర్ర, ఇంకో పక్క బాయి వైపు కర్ర. ఏడాదంతా మోసిన పేరు ఆ రెండు కర్రల మధ్యే ఉంది. నాడె నాలుగడుగులు వెనక్కి వేశాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు సైరను మోగింది.

షిఫ్టు సైరను ఒకే గుక్కలో పొడుగ్గా మోగుతుంది. ఇది ఆగి ఆగి మోగింది. అలా మోగితే బాయిలో మనిషికి ఏదో అయిందని అర్థం. మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ అది తెలుసు. కళ్ళు తెరిచేసరికి నాడె బంతి వైపు కాదు, బాయి వైపు చూస్తున్నాడు. అది తన బాయి సైరను కాదు, మాది. అయినా అందరికంటే ముందు ఉరికింది వాడే. వాడి వెనక మా బాపు. ఆ వెనక రెండు జట్లు, రిఫరీ, బ్యాండు వాళ్ళు, బజ్జీలవాడు. గ్రౌండులో ఆ బంతి ఒక్కటి చుక్క మీద అలాగే ఉంది.

మేమిద్దరం గోడ దూకి పెద్దవాళ్ళ వెనక పడ్డాం. ఎటూ చూడకుండా గేటు లోపలికి దూరేదాకా మా బాపు వీపు నాకు కనబడుతూనే ఉంది. బాయి గేటు దగ్గరికి వచ్చేసరికి కాలనీ వైపు నుంచి ఆడవాళ్ళు అప్పటికే చేరారు. వాళ్ళ మధ్య మట్టిలో మా అవ్వ కూలబడి ఉంది. చెప్పులు లేవు. మోచేతుల దాకా గరిజెల పిండి. పొరుగింటి అత్త ఆమెను పట్టుకుని, "రెండొందల పద్నాలుగు పైకి రాలేదట! గాడ బండ కూలిందట!" అని ఏడుస్తోంది.

అప్పుడు నాకు ఏమైందో ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. రెండు నిమిషాల కింద బాపు వీపును నా కళ్ళతో చూశాను. అయినా ఆ నెంబరు వినగానే, అయ్యో మా బాపు పోయాడు అని నేనూ గుండెలు బాదుకుని ఏడ్చాను. మా ఊరు అట్లాంటిది. కళ్ళ కంటే బిళ్ళనే ఎక్కువ నమ్మేవాళ్ళం.

గేటు లోపల, కిటికీ దగ్గర, వెతకడానికి దిగేవాళ్ళు వరుస కట్టారు. వెతకడానికి పోయేవాడికైనా బిళ్ళ ఉండాల్సిందే. గుమాస్తా సారు పెద్ద వయసు మనిషి. ఊరంతా ఫైనల్‌కు పోయినా కిటికీ విడిచి కదలనివాడు. ఆ రోజు ఆట తొందరలో అందరూ దీపాలను ల్యాంపు గదిలో కుప్పగా పడేసి పోయారు కనుక దీపాల లెక్క తేలలేదు. బిళ్ళల లెక్క మాత్రం ఆయన తేల్చాడు. మొదటి షిఫ్టులో దిగినవాళ్ళది ఒక మేకు ఖాళీ. సరిగ్గా ఆ వైపే మధ్యాహ్నం కొంచెం బండ కూలిందని కబురు. ఆ మనిషి గ్రౌండులో ఉన్నాడని చెప్పడానికి బాయి మీద ఎవరూ లేరు. ఆయన సైరను వేయించాడు. నేనైనా వేయిస్తాను.

ఆ తర్వాత జరిగింది, వరుసలో నిలబడినవాళ్ళు జీవితాంతం చెప్పుకున్నారు.

"నెంబర్?" అన్నాడు గుమాస్తా తల ఎత్తకుండా.

"రెండొందల పద్నాలుగు" అన్నాడు బాపు రొప్పుతూ.

"గాయిన లోపలున్నడయ్యా. గాయిన కోసమే గద మీరు దిగేది. నీ నెంబర్ జెప్పు జల్ది."

"నాదే సారూ రెండొందల పద్నాలుగు."

గుమాస్తా తల ఎత్తాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "మరి నీ బిళ్ళ?"

బాపు చెయ్యి నడుం మీదికి పోయింది. ఎప్పుడో ఒకసారి బిళ్ళ పోగొట్టుకుని తిట్లు తిన్నాడు కనుక, అప్పటి నుంచి దాన్ని జేబులో పెట్టకుండా మొలతాడుకు కట్టుకునేవాడు. ఊళ్ళో ఇంకెవరికీ లేని జాగ్రత్త. కిటికీ దగ్గర ఇవ్వకుండా సైకిలెక్కి వచ్చి, దాని మీదే లాగు తొడుక్కుని ఫైనల్ ఆడాడు. వేళ్ళకు బిళ్ళ తగిలింది. తన కోసం తానే వెతకడానికి దిగబోతున్నానని అప్పుడు తెలిసింది మా బాపుకు.

వెనక నిలబడిన నాడె ముందుగా నవ్వాడు. తర్వాత వరుసంతా నవ్వింది. గుమాస్తా సారు ఒక్కడే నవ్వలేదు. బిళ్ళ తీసుకుని, మేకుకు తగిలించి, అక్కడే కూర్చుని కండువాలో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

బాపు గేటు బయటికి వచ్చాడు. ఆడవాళ్ళు పక్కకు జరిగారు. అవ్వ తలెత్తి చూసింది. బొగ్గు, మట్టి, బనీను, పొట్టి లాగు. ఆమె లేచింది. లేచి, పిండి చేత్తోనే ఆయన చెంప మీద చెళ్ళున ఒకటి కొట్టింది. అంతమంది ముందు. నల్లటి మొహం మీద అయిదు వేళ్ళూ తెల్లగా దిగాయి. తర్వాత ఆయన బనీను రెండు చేతులా పట్టుకుని, ఆయనను పేరు పెట్టి పిలిచింది. నెంబరు కాదు, బాప్తిస్మంలో పెట్టిన పూర్తి పేరు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. మా అవ్వ నోట ఆ పేరు విన్నది అదే మొదలు, అదే ఆఖరు. ఆమె అన్నేళ్ళు దాచుకున్న పేరు కనుక నేనూ ఇక్కడ రాయను.

పొద్దు గూకింది కనుక ఆ రోజు ఆట మళ్ళీ సాగలేదు. మొదటి నుంచి ఇంకోసారి ఆడాలని పెద్దలు తేల్చారు. బిళ్ళ ఇవ్వకుండా పోయినందుకు బాపుకు వారం రోజులు పని లేదు, ఆట లేదు. ఆ వారం ముగియకముందే, క్రిస్మస్ అయిన తర్వాత మళ్ళీ ఆడితే మా వాళ్ళు రెండు గోల్సుతో ఓడిపోయారు. తాడు బయట నిలబడి బాపు చప్పట్లు కొట్టాడు. "గా జల్లెడున్నా బాగుండు" అన్నారు పక్కన ఎవరో. ఏడాదిలో ఆయన గురించి విన్న మొదటి మంచి మాట అది. మోకాలు వాచి, మరుసటి ఏటికి ఆయన ఆట మానేశాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ ఊరికి కొత్త పంచాయితీ దొరికింది. సైరను మోగకపోతే నాడె కొట్టేవాడా, జల్లెడ పట్టేవాడా? మంగలి షాపులో అదే, చాయ్ దుకాణంలో అదే. నాడె అప్పటి నుంచి మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ప్రతి క్రిస్మస్‌కు వచ్చి గరిజెలు తినేవాడు. దసరాకు ఊరికి పోయి వచ్చేటప్పుడు బాపుకు మగ్గం తువ్వాల తెచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు నేను అతని గరిజెలో ఉప్పు నింపి పెట్టాను. మొహం మార్చకుండా మొత్తం తిని, "వదినా, ఇంకోటి" అన్నాడు. ఆ రోజు నుంచి అతను నాకు చిన్నాన్న వరసై, కాక అయ్యాడు.

"నేను కొడితే పోతుండె జల్లెడా" అనేవాడు.

"కొట్టి సూడకపోతివి" అనేవాడు బాపు.

"పోనీ ఇప్పుడు కొట్టుండ్రి, తేలిపోతది" అని పడుచువాళ్ళు ఎన్నోసార్లు గ్రౌండుకు లాక్కుపోయారు. నాడె బంతిని చుక్క మీద పెట్టేవాడు, బాపు గోల్లో నిలబడేవాడు. కానీ నాడె తన్నేవాడు కాదు. "మనిషి కోసం ఇడిసిపెట్టిన బంతి ఇది. మళ్ళ దీని కోసం వస్తే బాగుండది" అని తిరిగి వచ్చేవాడు. అందులో ఏం నీతి ఉందో నాకు అప్పుడు తెలియలేదు. తర్వాత ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేస్తూ చేస్తూ తెలిసింది.

బాపు చివరి రోజులు నా దగ్గరే. ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము. రెండు మాటలకు ఒకసారి దగ్గు. ఒకరోజు మందు తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, గా దినం నేను చర్చి దిక్కు దుంకుదుమనుకున్న" అన్నాడు. "నాడె సైరన్ల వడి ఉరికిండు గని, నేను అప్పటికే అటు వంగిన. ఎవలకు జెప్పకు." చెప్పనన్నాను. పెద్ద బరువు దించుకున్నట్టు నిద్రపోయాడు.

బాపును మా చర్చి వెనక సమాధుల తోటలోనే పెట్టాం. అప్పటికి గ్రౌండు సగం పోయింది. నాడె కాక రిటైరై సిరిసిల్ల దిక్కు తన ఊరికి వెళ్ళిపోయాడు. కబురు అంది, మూడు బస్సులు మారి, కర్ర పట్టుకుని వచ్చాడు. పాస్టరుగారు ప్రార్థన ముగించి, మట్టి వేయమన్నారు. అందరూ వేశారు. కాక మాత్రం గుప్పిట్లో మట్టి పట్టుకుని, వేయకుండా నా పక్కన నిలబడ్డాడు.

"బిడ్డా, ఒక మాట. ఇన్నేండ్లు ఎవలకు జెప్పలే. నేను బాయి దిక్కు కర్రకు కొడుదుమనుకున్న." నా చెవి దగ్గరికి వంగాడు. "మీ బాపు ఎటు దుంకుదుమనుకున్నడో నీకేమన్న జెప్పిండా?"

నేను పెట్టె వైపు చూశాను. చర్చి దిక్కు దూకేవాడు బాపు. బంతి బాయి దిక్కు పోయేది. అంటే ఏడాదంతా ఆ మనిషి దేనికోసం ఎదురుచూశాడో అది జరిగేది కాదు. ఈయన పెట్టిన పేరు ఆయన మీద ఇంకా గట్టిగా అంటుకునేది.

"జెప్పిండు కాకా" అన్నాను. "బాయి దిక్కే."

కాక గుప్పిట తెరిచి మట్టిని చూశాడు. ముసలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుంత మీదికి వంగి, "అయితే పట్టేటోడివే అన్నా" అన్నాడు. ఎప్పుడూ జల్లెడా అని పిలిచినవాడు, అన్నా అన్నాడు. "గా పేరు నేనే పెట్టిన. నేనే వాపస్ తీసుకుంటున్న." అని మట్టి వేశాడు.

ఇప్పటికీ ప్రతి ఆదివారం గుళ్ళో, ఎవరి తప్పులు వాళ్ళు మనసులో ఒప్పుకోమని పాస్టరుగారు తల వంచమంటారు. నేను తల వంచుతాను. కోడలి మీద అరిచింది చెప్తాను, పొరుగువాళ్ళ మీద అసూయపడింది చెప్తాను, షుగరు ఉండి కూడా దొంగతనంగా తిన్న గరిజె సంగతి కూడా చెప్తాను. ఆ అబద్ధం ఒక్కటి మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పను కూడా.